ఆముదం పోసిన లారీ

చోడవరంలో మా వీధివాళ్ళందరూ దాన్ని "మీ ఆయన లారీ" అనేవారు. అది లారీ కాదు, మా ఆయనదీ కాదు. చిన్న మాటలో రెండు తప్పులు. నేను దిద్దేదాన్ని. మర్నాడు మళ్ళీ అదే మాట అనేవారు. కొన్నాళ్ళకి దిద్దడం మానేసేను. మానేసేనంటే ఒప్పుకున్నానని కాదు. పొద్దున్న లేస్తే పాలు, వంట, కాలేజీ, సాయంత్రం ట్యూషన్ పిల్లలు. వీటన్నిటి మధ్య వీధికి కూడా పాఠం చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

అది రిమోటుతో నడిచే మాన్‌స్టర్ ట్రక్కు. మా తమ్ముడు నాకోసం తెచ్చేడు. వాడు ఓడ మీద ఎలక్ట్రీషియను, ఏడాదికోసారి సెలవుకొచ్చేవాడు. తొంభైల మొదట్లో ఒక సెలవుకి పెద్ద అట్టపెట్టె చంకన పెట్టుకుని దిగేడు. పెట్టె మీద బొమ్మ ఉంది. కింద ఒలవని కొబ్బరికాయలంత చక్రాలు, వాటి మీద చిన్న వ్యాను, గాల్లోకి గెంతుతూ.

"అప్పా, ఇది నీకే. చిన్నప్పుడు నాన్న రేడియో మొత్తం విప్పి మళ్ళీ బిగించేవు కదా" అన్నాడు.

"బిగించేక పాడిందా?" అని మా ఆయన అడిగేరు.

పాడింది. ఒక్క స్టేషనే వచ్చేది, అంతే.

పెట్టె తెరిస్తే లోపల బండి లేదు. ప్లాస్టిక్ సంచుల్లో ముక్కలు, స్క్రూలు, రాడ్లు, రబ్బరు టైర్లు, రెండు చిన్న మోటార్లు. మా అత్తగారు వంగి చూసి, "బొమ్మ తెస్తాడనుకుంటే ముక్కలు తెచ్చేడేటే నీ తమ్ముడు? ఓడలో విరిగిపోనాదా?" అంది. ఇది బిగించుకునేదని చెప్తే, "అంత దూరం నుంచి తెచ్చినోడు ఆ బిగించేదేదో అక్కడే బిగించి తేలేకపోనాడా" అంది. ఆవిడతో వాదన మొదలెడితే పొయ్యి మీద పప్పు మాడుతుంది.

వెనకవసారాలో పీట వేసుకుని రోజూ సాయంత్రం కాసేపు కూచునేదాన్ని. మొదటి స్క్రూ మా ఆయన బిగించేరు. దాని తల విరిగింది. ప్లాస్టిక్‌లో స్క్రూ దిగుతున్నప్పుడు ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. ఆయన చెయ్యి చెరుకు విరవడానికి అలవాటుపడ్డ చెయ్యి. షుగర్ ఫ్యాక్టరీలో ఫీల్డ్‌మన్. ఏ రైతు తోట ఎప్పుడు నరకాలో గెడ విరిచి, నమిలి చెప్తారు. అందులో ఆయనకి వంక పెట్టను. స్క్రూల్లో పెడతాను.

ముందు చక్రాలకో మోటారు, వెనక చక్రాలకో మోటారు. ఒక్కో మోటారు పక్కన గేర్ల డబ్బా. మోటారు గేరుకీ, దాని పక్క గేరుకీ మధ్య కాగితం పట్టేంత సందు వదలాలి. బిగిస్తే మోటారు కాలుతుంది, వదులైతే పళ్ళు ఊడతాయి. యూనిట్ టెస్టు పేపరు అంచు చింపి ఆ సందులో పెట్టి చూసుకునేదాన్ని. నేను ఫిజిక్సు చెప్పే కాలేజీలో పిల్లలెవరూ ఆ పేపర్లకి అంత మంచి ఉపయోగం చూపించలేదు.

మొత్తం బిగించి, రంగు వేసి, బ్యాటరీ ఛార్జి పెట్టి, వీధిలోకి తెచ్చేను. రిమోటు చేతిలోకి తీసుకునేలోగా మా ఆయన అందుకున్నారు.

"ఉండు, ముందు నేను సూస్తాను."

ఆ చూడ్డం ఏళ్ళతరబడి సాగింది. ఆయన తోలేవారు, విరగ్గొట్టేవారు, తెచ్చి పీట మీద పెట్టేవారు. నేను కడిగి, విప్పి, బాగుచేసి ఇచ్చేదాన్ని. "నేనూ తోలతాను" అంటే "అలాగే" అనేవారు. ఆయన అలాగే అననిది లేదు. అడిగిన ప్రతీదానికీ అలాగే అనే మనిషితో దెబ్బలాడ్డం ఎంత కష్టమో కాపురం చేసినవాళ్ళకే తెలుస్తుంది. గోడనైనా కొడితే చప్పుడొస్తుంది.

ఒక్క బండితో రేసు ఎలా అంటారు. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఇంకో ఇద్దరు తేలేరు. ఒకాయనది అనకాపల్లిలో రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. అందరం భాయ్ అనేవాళ్ళం. ఆయన బావమరిది గల్ఫ్ నుంచి ఇలాంటి బండే పంపేడు. మా రిమోటులో ఒక వైరు ఊడితే సోల్డరింగుకి మా ఆయన ఆ దుకాణానికి వెళ్ళేరు. అక్కడ బల్ల కింద మా బండి తోబుట్టువుని చూసి, టీ తాగి, చీకటిపడ్డాక గానీ ఇంటికి రాలేదు. రెండో ఆయన విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు. భాయ్ దుకాణానికి వీసీఆర్ బాగుకి వచ్చి కలిసేడు. కారులో వచ్చేవాడు. తన బండికి ముక్కలు బొంబాయి నుంచి తెప్పించుకునేవాడు.

రేసులు క్రషింగు సీజనులోనే. చెరుకు నరికేసేక, మళ్ళీ నీరు పెట్టేలోగా, పొలం కొన్నాళ్ళు ఖాళీగా ఉంటుంది. ఎక్కడ ఏ మడి నరికేరో మా ఆయనకి నోటికి వచ్చు. ఒక ఆదివారం రావికమతం వైపు, ఇంకో ఆదివారం బుచ్చయ్యపేట వైపు. చెరుకుగెడలకి గుడ్డపీలికలు కట్టి పాతితే అదే దారి. మోళ్ళు తప్పించుకుంటూ, చాళ్ళలో దొర్లుకుంటూ, మధ్యలో గట్టు ఎక్కి గెంతాలి. రైతు గట్టు మీద కూచుని, "ఈ సదువుకున్నోళ్ళకి ఆదారం వొస్తే ఏటీ తోసదు" అని నవ్వేవాడు. పనిరోజు కాకపోయినా మా ఆయన ఎనిమిదింటికి ఫ్యాక్టరీలో చెరుకు తూచే కాటా దగ్గర ఉండాలి, చెరుకుబళ్ళు నిలబడి ఉంటాయి. అందుకని రేసు ఎప్పుడూ తెల్లారుతూనే.

ఆ తెల్లారడమే నా ప్రాణం మీదకి తెచ్చింది.

బండికి నాలుగు మూలలా చిన్న షాకబ్జార్బర్లు ఉంటాయి, స్కూటరుకున్నట్టే. వాటిలో నూనె ఉండాలి. లేకపోతే స్ప్రింగు మీద బండి కప్పలా గెంతుతుంది. పెట్టెతో వచ్చిన నూనె అయిపోయింది. భాయ్ స్కూటరు ఇంజనాయిలు పోసి చూసేడు. లోపలి రబ్బరు రింగులు ఉబ్బి పాడైపోయేయి. నేను ఆలోచించి, ఇంట్లో ఉన్న ఆముదం పోసేను. మధ్యాహ్నం వసారాలో నొక్కి చూస్తే బండి నింపాదిగా లేచింది, గెంతలేదు. భాయ్ చూసి తనూ పోసేడు. డాక్టరు సీసా పట్టుకొచ్చి, "మేడమ్, మీ ఆముదం కాస్త" అని అడిగేడు. బొంబాయి నుంచి ముక్కలు తెప్పించుకునే మనిషి. పోసి పంపేను.

చలికాలం వచ్చింది. చంటిపిల్ల తలకి ఆముదం రాసిన ఏ ఆడదానికైనా తెలుసు, పుష్యమాసంలో తెల్లారకుండా సీసా వంచితే అది దిగదు. చేతిలో వేడిచేసుకుని రాయాలి. షాకుల్లో అదే ఆముదం చిక్కబడితే షాకు కర్రలా నిలబడుతుంది. గట్టు మీంచి దూకినప్పుడు దెబ్బంతా షాకు తినదు, గేర్ల పళ్ళు తింటాయి.

ఈ మాట మగాళ్ళు ముగ్గురికీ చెప్పేను. రేసు కాస్త ఎండెక్కేక పెట్టండన్నాను.

"మేడమ్, చలి అందరి బండికీ ఒకటే కదా. న్యాయమే" అన్నాడు డాక్టరు.

"మీ గేర్లు విరిగితే బొంబాయికి ఫోను చేస్తారు. నావి విరిగితే ఓడ రావాలి" అన్నాను.

ఎందుకంటే అప్పటికి నా దగ్గర గేర్లు ఒక్క సెట్టే మిగిలేయి. మా తమ్ముడు తెచ్చిన సెట్లన్నీ మా ఆయన అప్పటికే నమిలేసేరు. ఉన్నవి బిగించిన రోజునే, స్క్రూడ్రైవర్ చేతిలో ఉండగానే, ఆయనతో చెప్పేను. ఇవి విరిగేలోగా ఒక్క రేసు నేను తోలాలి. రేపు ఆదివారం రేసే. మీరు పక్కన నిలబడాలి. గట్టు ఎలా దాటాలో నాకు తెలుసు, మీకు తెలీదు.

"అలాగే" అన్నారు.

ఆ ఆదివారం వడ్డాది రోడ్డులో పొలం. పొలం పక్కనే బెల్లం వండే పాక, పెద్ద పెనం కింద పిప్పి మంట. స్కూటరు వెనక బండిని ఒళ్ళో పెట్టుకుని కూచున్నాను. మంచు. చెవులకి చెంగు చుట్టుకున్నా ముక్కు మొద్దుబారింది. వారమంతా పరీక్ష పేపర్లు దిద్ది మెడ పట్టేసింది. ఈ పూట ఇంట్లో పడుకోవచ్చు కదా అని నా మనసే నన్ను అడిగింది. పడుకుంటే ఉన్న గేర్లూ ఆయనే విరగ్గొడతారు, మళ్ళీ ఓడ వచ్చేదాకా ఆగాలి.

దిగేను. భాయ్, డాక్టరు అప్పటికే వచ్చి గెడలు పాతుతున్నారు. బండి కింద పెట్టి, మా ఆయన వైపు చెయ్యి చాపేను. రిమోటు ఆయన సంచిలో ఉంది.

"ఒక్క ట్రయల్ సూసి ఇచ్చేస్తాను" అన్నారు.

"ట్రయలూ వద్దు, ఏటీ వద్దు. ఆముదం చిక్కగా ఉంది. సూడండి, నొక్కితే దిగట్లేదు."

"నేను నెమ్మదిగా పోనిస్తాను కదే."

నేను ఇంకో మాట అనేలోగా బండి చాలు దాటింది. నెమ్మదిగా అనేది ఆయన నోట్లో మాత్రమే ఉంటుంది, వేలికి రాదు. గట్టు ఎక్కింది, గాల్లోకి లేచింది, ఇటుకలా పడింది. పడి, ఒక్కసారి పైకెగిరి, మళ్ళీ ముక్కు మీద పడింది. తర్వాత ఆ చప్పుడు. టకటకటక. పళ్ళు ఊడిన గేరు మీద మోటారు ఒట్టినే తిరిగే చప్పుడు. ఆ చప్పుడు తెలిసినవాళ్ళు ఎవరూ తల తిప్పి చూడరు.

నేను చూసేను. ఆయన్నే చూసేను.

"ముందు గేర్లే పోయినట్టున్నాయి" అన్నారు.

"ముందువే! అబ్బ, ఎంత చల్లని మాట. వెనకవి కూడా అయిపోవాలంటే ఇంకో ట్రయల్ సూడండి."

"నేను కావాలని చేసేనేటే?"

"కావాలని చేస్తే అదో పద్ధతి. మీరు అలాగే అని చేసేరు."

డాక్టరు గబగబా పక్కకెళ్ళి తన బండి టైర్లు తుడవడం మొదలెట్టేడు. భాయ్ మాత్రం దగ్గరికొచ్చి, "అమ్మా, వెనక మోటారు నడుస్తంది కదా. రేసు కాసేపు ఆపుతాం" అన్నాడు.

ఎవరి ఓదార్పూ వినే ఓపిక లేదు. బండి ఎత్తుకుని బెల్లం పాకలోకి వెళ్ళేను. పొయ్యి నోటి దగ్గర ఒక ముసలమ్మ కూచుని పిప్పి ఎగదోస్తోంది. బండిని మంటకి కాస్త ఎడంగా పెట్టి, నాలుగు షాకులకీ సెగ తగిలేలా తిప్పుతుంటే, ఆవిడ చూసి, "ఏటమ్మా, బొమ్మకి సలేస్తందా?" అంది.

"దానికి కాదు, దాన్లో నూనెకి."

"ఆవుదవా?" అంది. వాసన పట్టేసింది. "అయితే సెగ సాల్లే. మరీ దగ్గరెట్టకు."

నేను అలాగే పెట్టి, ముందు గేర్ల డబ్బా విప్పేను. విరిగిన పళ్ళు లోపల ఇరుక్కుంటే చక్రాలు కదలవు, ఒక్కటి కూడా వదలకుండా ఏరి తీయాలి. ముందు మోటారు వైర్లు విడదీసి చుట్టేను. ఇక వెనక చక్రాలే తోస్తాయి. ఈలోగా మా ఆయన వచ్చి, మెడ వంచుకుని పక్కన నిలబడ్డారు. సాయం చేద్దామనుకున్నారు పాపం. నేను స్క్రూలు చెంగులో వేసుకుంటుంటే, "ఇంకొంచెం వేడెక్కితే మంచిదే కదా" అని, పక్కన విప్పి పెట్టిన పైడొప్పని బండి మీద బోర్లించి, బండిని మంట దగ్గరికి జరిపేరు.

పైడొప్ప అంటే రంగు వేసిన పల్చటి ప్లాస్టిక్ వ్యాను బొమ్మ. నూనె చుట్టూ ఇంత శాస్త్రం చెప్పినా, వేడికి ప్లాస్టిక్ ఏమవుతుందో ఆయనకి ఎవరు చెప్పాలి? కాలే అప్పడంలా ముడుచుకుంది.

"సెప్పేను కదా, దగ్గరెట్టకని" అంది ముసలమ్మ నాతో.

"నాకు కాదు, ఆయనకి సెప్పు."

"మగోళ్ళకి సెప్పి సెప్పి నా నోరు అరిగిపోనాది తల్లీ" అని పిప్పి ఎగదోసుకుంది.

ముడుచుకున్న డొప్పని తీసి అవతల పడేసి, ఎముకలు కనిపించే బండిని పట్టుకుని పొలంలోకి వచ్చేను. నొక్కితే షాకులు మెత్తగా దిగేయి. మళ్ళీ చెయ్యి చాపేను. ఈసారి ఆయన రిమోటు ఇచ్చేరు. ఇచ్చి, "జాగర్త" అన్నారు. ఆ మాటకి నాకు నవ్వు రాలేదు. ఇప్పుడు రాసుకుంటుంటే వస్తోంది.

రేసు మొదలైంది. నేను ఎదురుచూసిన దాంట్లో సగం బండి మిగిలింది, ముగ్గురు గురువులు దొరికేరు.

"ఎడమకి మేడమ్, ఎడమకి!"

"అమ్మా, చాలు లోంచి పోకు, గట్టంట పో!"

"ఒసే, వదిలేస్తావేటి, నొక్కు నొక్కు!"

"మీరు ముగ్గురూ నోరు మూసుకుంటే నా కళ్ళు పనిచేస్తాయి" అన్నాను.

రిమోటు చేతిలో ఉంటే పొలం ఇంకోలా కనిపిస్తుంది. ఇన్నాళ్ళూ గట్టు మీద నిలబడి, ఏది విరుగుతుందో అని చూసేదాన్ని. ఇప్పుడు ప్రతి మోడూ ముందే కనిపిస్తోంది, దాని పక్కన దారి కూడా. వెనక చక్రాలతో మాత్రమే పోతోంది కాబట్టి మలుపులో తోక ఊపుతోంది. ముందే వదిలి, తర్వాత నొక్కాలి. రెండు మలుపులకే చేతికి వచ్చేసింది. గట్టు దగ్గరికొచ్చేసరికి డాక్టరు బండి అప్పటికే దూకి, కర్రలాంటి షాకుల మీద ఎగిరి, వెల్లకిలా పడి, నాలుగు చక్రాలూ ఆకాశానికి తిప్పుతోంది.

"గట్టు పక్కనుంచి పోనీవే, వెనక గేర్లు కూడా పోతాయి" అన్నారు మా ఆయన. గేర్ల మీద ఆయనకి అంత ప్రేమ పుట్టడం అదే మొదలు.

పక్కనుంచి పోతే గేర్లు మిగులుతాయి. నిజమే. కానీ దేనికోసం మిగల్చాలి? మళ్ళీ వారం ఆయన తోలడానికా? గట్టు మీదకి సూటిగా తిప్పి, అంచు దగ్గర కాస్త వదిలేను. లేచింది. నాలుగు చక్రాల మీదా ఒక్కసారే దిగి, షాకుల్లోకి కూరుకుని, నింపాదిగా లేచి, ముందుకు పోయింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నా మెడ నెప్పి ఆ కాసేపూ ఎక్కడికి పోయిందో తెలీదు. తర్వాత తిరిగొచ్చింది.

భాయ్ గెలిచేడు. నేను పాకలోంచి బయటికొచ్చేసరికి, తన బండిని కూడా పొయ్యి రెండోవైపు పెట్టి సెగ చూపించుకుని వచ్చేడని తర్వాత తెలిసింది. "మాట చెప్పకుండా చేసేవేం భాయ్?" అంటే, "నువ్వు చెప్పింది విన్నాను కదమ్మా, వింటే మళ్ళీ చెప్పాలా?" అన్నాడు. అలా విన్నవాడు గెలవడంలో తప్పేమీ లేదు. నేను రెండు. డాక్టరు తన బండిని ఎత్తుకుని, "మేడమ్, ఎండెక్కేక ఇంకోసారి పెడదాం" అన్నాడు. వారం ముందు ఆ మాట నేనంటే వినపడలేదు.

మా ఆయన కాటాకి టైమైపోతోందని స్కూటరు స్టార్టు చేస్తూ, ఎదురైన రైతుతో, "మన బండి సెకండొచ్చింది" అన్నారు. మన.

వడ్డాది రోడ్డు నుంచి ఇంటిదాకా ఆ మన మీద దెబ్బలాడేను. గాలికి సగం మాటలు ఆయనకి వినపడలేదు, వినపడ్డ సగానికి అలాగే అన్నారు. షాకుల్లోంచి ఆముదం కారి చీర కుచ్చిళ్ళు పాడయ్యేయి. అత్తగారు గుమ్మంలోనే, "రేసుకెళ్ళేవా, తలంటుకెళ్ళేవా?" అంది. లోపలికెళ్ళి కూర తరిగేను.

వేసవి ముందు మా తమ్ముడు వచ్చేడు, గేర్లు తెచ్చేడు. ఆ పొట్లం తీసుకుని బీరువాలో పెట్టేను. ఆదివారాలు గడుస్తున్నాయి.

"ఎప్పుడు బిగిస్తావే?" అని మా ఆయన.

"రిమోటు ఎవరిదో తేలనీయండి, బిగిస్తాను."

"అలాగే."

"అలాగే కాదు. ఎవరిది?"

ఆయన పేపరు చదువుకునేవారు. నేను పంతానికే ఆపేనని అందరూ అనుకున్నారు. పంతం కొంత. మిగతాది, నిజంగా ఓపిక లేదు. పీట వేసుకుని కూచుని, ఇంకొకరు విరగ్గొట్టడానికి చిన్న చిన్న స్క్రూలు తిప్పే ఓపిక.

ఒక ఆదివారం నేను పెరట్లో రోటి దగ్గర పచ్చడి నూరుతున్నాను. వసారాలో మా ఆయన పీట వేసుకుని కూచున్నారు. బీరువా తాళం నన్ను అడిగి తీసుకున్నారు. పెట్టెతో వచ్చిన బొమ్మల పుస్తకం తెరిచి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, గేర్లు బిగిస్తున్నారు. నేను లేవలేదు. పచ్చడి అయ్యేదాకా ఆయన ఒక్క స్క్రూ తల విరగ్గొట్టలేదు. అది నేను గమనించేను.

తర్వాత బండి పెరట్లోకి తెచ్చి, నేల మీద పెట్టి, రిమోటు నొక్కేరు. ముందు చక్రాలు వెనక్కి తిరిగేయి, వెనక చక్రాలు ముందుకి తిరిగేయి. బండి ఉన్నచోటే నిలబడి, మట్టి రెండువైపులా ఎగజిమ్ముతూ, నేలలోకి దిగుతోంది. ఆ రోజు పాకలో నేను విడదీసిన ముందు మోటారు వైర్లని ఆయన ఎర్రదానికి నల్లది, నల్లదానికి ఎర్రది కలిపేరు. రోటి దగ్గర్నుంచే నాకు తెలిసిపోయింది.

ఆయన ఇంకోసారి నొక్కేరు. ఇంకా లోపలికి దిగింది. రిమోటు తిప్పి చూసేరు, బండి తిప్పి చూసేరు, పుస్తకం తిప్పి చూసేరు.

"ఏవే, ఇది ముందుకీ పోదు, వెనక్కీ పోదు" అన్నారు.

"ఊఁ" అన్నాను.

"ఏటి చెయ్యాలి?"

నేను పొత్రం పక్కన పెట్టలేదు. "రిమోటు ఇలా తెండి" అన్నాను.

ఈసారి అలాగే అనలేదు. లేచి, మట్టిచెయ్యి పంచెకి తుడుచుకుని, రిమోటు తెచ్చి రోటి పక్కన పొడిగా ఉన్న చోటు చూసి పెట్టేరు. పెట్టి, "నీదే" అన్నారు.

పచ్చడి గిన్నెలోకి తీసి, రోలు కడిగి, చేతులు తుడుచుకున్నాక వెళ్ళి వైర్లు మార్చేను.